చింతపండుకి స్పెయిన్ చుట్టం

"వైన్స్" అని పెద్ద బోర్డు ఉన్న షాపుకి వెళ్ళి, వైన్ ఉందా అని అడిగి చూడండి. మా కర్నూలు వైపు అయితే కౌంటర్లో ఉన్న అన్న ఒకసారి ఎగాదిగా చూసి, "ఏ బ్రాండు? క్వార్టరా, హాఫా?" అంటాడు. బ్రాందీ ఉంటుంది, విస్కీ ఉంటుంది, ఎండాకాలం అదృష్టం బాగుంటే చల్లటి బీరు ఉంటుంది. వైన్ మాత్రం ఉండదు. ఉన్నా, దుమ్ము పట్టిన తియ్యటి ఎర్ర సీసా ఒకటి పై అరలో ఎవరికీ పట్టకుండా ఉంటుంది. పోయిన సెమిస్టర్లో మన క్లబ్బులో అర్థవిపరిణామం గురించి మాట్లాడుకున్నప్పుడు "చీర", "కంపు" అనే పాత ఉదాహరణలే చెప్పుకున్నాం. ఈ "వైన్స్" ఎవరికీ గుర్తు రాలేదు. ఒక మాట తన అర్థాన్ని ఇంత శుభ్రంగా పోగొట్టుకున్న సందర్భం ఇంకోటి ఉంటే చెప్పండి, వింటాను.

ఈ వ్యాసం మాత్రం నిజం వైన్ గురించే. స్పెయిన్ దేశపు తెల్ల వైన్, ఒకే ఒక్క సీసా, 2025 మే నెలలో, పత్తికొండ దగ్గర మా ఊర్లో, మిద్దె మీద. నాకు ఇరవై రెండు నిండాయి. మన రాష్ట్రంలో చట్టం ఇరవై ఒకటి అంటుంది, కాబట్టి ఎడిటర్ గారు కంగారు పడనక్కర్లేదు. ఫస్టియర్ తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, మీరు చదివితే చాలు, ఆచరించొద్దు.

సీసా తెచ్చింది మా బావ. మేనమామ కొడుకు, మాడ్రిడ్‌లో ఎమ్మెస్ చేస్తున్నాడు. విమానంలో వచ్చే మనిషి రెండు లీటర్ల దాకా సుంకం కట్టకుండా తెచ్చుకోవచ్చు కాబట్టి, చాక్లెట్లతో పాటు ఇది కూడా పెట్టెలో పెట్టుకొచ్చాడు. అక్కడ సూపర్ మార్కెట్లో ఐదు యూరోలట. మన లెక్కలో సుమారు ఐదొందలు. ఇలాంటిదే బెంగళూరులో కొందామంటే అప్పటికి దిగుమతి సుంకమే నూటికి నూట యాభై, దాని మీద రాష్ట్రం పన్ను, ఆ పైన దిగుమతిదారు లాభం, షాపు లాభం. అందుకే ఇక్కడ వైన్ అనగానే సినిమాలో విలన్ చేతిలో పొడుగు కాడ గ్లాసు గుర్తొస్తుంది. అక్కడ అట్లా కాదంట. "మధ్యాన్నం పనోళ్ళు తినే హోటల్లో, భోజనంతో పాటు ఒక గ్లాసు మామూలుగా పెడతారు రా. మనకి మజ్జిగ ఇచ్చినట్లు" అన్నాడు బావ.

అసలు సమస్య అమ్మ.

మా ఇంట్లో మందు అనే మాట పలకరు. మా చిన్నాన్న ముప్పై ఎనిమిదేళ్ళకే పోయాడు, లివర్. నేను అప్పుడు ఇంటర్ ఫస్టియర్. అంతకు ముందు మా అమ్మ వాళ్ళ నాయనది కూడా అదే కథ. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు మొదలుపెట్టిన సారా ఉద్యమం, 1993లో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం, 1997లో దాన్ని ఎత్తేయడం. మనకి ఇవన్నీ గ్రూప్స్ బిట్లు. అమ్మకి మాత్రం అవి తాత పొద్దుగూకగానే నేరుగా ఇంటికొచ్చిన రెండేళ్ళు. అప్పుడు ఆమె ఏడో తరగతి. "ఆ రెండేండ్లే మా యమ్మ నిద్రపోయింది" అంటుంది.

కాబట్టి సీసా దాచి తాగడం అనే ఆలోచన మాకు రాలేదని చెప్తే అబద్ధం. వచ్చింది. బియ్యం డ్రమ్ములో పెడదామా అని కూడా అనుకున్నాం. కానీ దొంగతనంగా తాగితే అది రుచి చూడటం అవదు. భయం భయంగా గొంతులో పోసుకొని లవంగం నమలడం అవుతుంది. నేను గమనించినంతలో మా ఊర్లో తాగేవాళ్ళందరూ అట్లానే తాగుతారు. షాపు పక్కన నిలబడి, ప్లాస్టిక్ గ్లాసులో పోసి, మొహం చిట్లించి, ఒక్క గుక్కలో. రుచి తెలియకూడదనే వాళ్ళ తాపత్రయం అంతా. అది ఒకరకంగా న్యాయమే, ఆ సరుకుకి రుచి ఉంటే కదా.

బావే ధైర్యం చేసి చెప్పాడు. "అత్తా, ఇట్ల తెచ్చినా. నువ్వొద్దంటే ఇట్లే తిరిగి పెట్టెలో పెడతా."

అమ్మ చాలాసేపు చేటలో బియ్యం చెరుగుతూనే ఉంది. తర్వాత, "మీ చిన్నాయన గూడా మొదుట రుచి సూద్దామనే మొదులుపెట్న్యాడు" అంది. అంతే. వద్దు అనలేదు, సరే అనలేదు. ఆ మాటకి నా దగ్గర అప్పుడు జవాబు లేదు. ఇప్పుడూ పూర్తిగా లేదు. ఈ వైన్‌లో నూటికి పదమూడు పాళ్ళు ఆల్కహాల్. చిన్నాన్న తాగిన దాంట్లో ఉన్న అణువే ఇదీ, సీటూహెచ్‌ఫైవ్‌ఓహెచ్. లేబుల్ మీద స్పానిష్ ఉన్నంత మాత్రాన లివర్ దాన్ని వేరేగా చూడదు. ఈ మాట దాటేసి వైన్ గొప్పతనం రాసేవాళ్ళని నేను నమ్మను. అందుకే ముందే రాస్తున్నాను.

ఇక రుచి సంగతి.

ఇలాంటి వైన్‌ని ఎనిమిది, పది డిగ్రీల దగ్గర తాగాలి. మే నెలలో మా మిద్దె మీద సాయంత్రం ఆరుకి కూడా ముప్పై ఎనిమిది. మధ్యాహ్నం రెండు గంటలు కరెంటు పోయింది, ఫ్రిజ్ అరకొరగా చల్లబడింది. చివరికి బిందెలో ఐసుగడ్డలు వేసి, గుప్పెడు కల్లుప్పు వేసి, దాంట్లో సీసా నిలబెట్టాం. ఉప్పు వేస్తే మంచు సున్నా కంటే కిందికి దిగుతుందని ఇంటర్లో చదివింది జీవితంలో మొదటిసారి పనికొచ్చింది. గ్లాసులు లేవు. స్టీలు గ్లాసులో పోస్తే రంగు కనబడదు, వాసన చూస్తే ముక్కుకి స్టీలే తగులుతోంది. చుట్టాలకి టీ ఇచ్చే చిన్న గాజు గ్లాసులు మూడు కడిగి తెచ్చాం.

రంగు ఎండుగడ్డిని నీళ్ళలో నానబెడితే వచ్చేటంత పల్చటి పసుపు. వంచి చూస్తే అంచున కొంచెం పచ్చదనం. వాసనలో మొదట వచ్చింది నిమ్మ తొక్క, గోటితో గీరినప్పుడు చిమ్ముతుందే, అది. తర్వాత కోసిన పచ్చి గడ్డి. ఆ వెనక ఇంకేదో తెలిసిన వాసన ఉంది, పేరు మాత్రం నోటికి రావట్లేదు. ఒక గుక్క నోట్లో పెట్టుకోగానే నాలుక రెండు పక్కలా నీళ్ళూరాయి. తీపి అసలు లేదు. పులుపు నిటారుగా వచ్చి, నోరంతా శుభ్రం చేసి, పోయేటప్పుడు నాలుక చివర చిన్న చేదు వదిలింది. కాకరకాయ చేదు కాదు. నిమ్మకాయ పిండేటప్పుడు గింజ నలిగితే వస్తుందే, అంత చేదు.

ఇంగ్లీషులో దీన్ని క్రిస్ప్ అంటారు. తెలుగులో ఏమనాలి? బావ "కరకరలాడే వైన్" అన్నాడు, అప్పడంలాగా. నవ్వుకున్నాం. "పుల్లటి" అంటే సగమే చెప్పినట్టు, పాడైన మజ్జిగ కూడా పుల్లగానే ఉంటుంది. "చురుకైన" అంటే అది పిల్లల ప్రోగ్రెస్ కార్డు భాష. నాకు తోచింది "జివ్వుమనే". పచ్చి చింతకాయ కొరికినప్పుడు దవడ దగ్గర నరం లాగుతుంది చూడండి, దాన్ని మనం జివ్వుమంది అంటాం. ఇంతకంటే మంచి మాట మీకు తడితే చెప్పండి, నాది వెనక్కి తీసుకుంటాను.

ఇక్కడ కెమికల్ ఇంజనీరింగ్ వాడిగా ఒక మాట చెప్పాలి. ఆపిల్లో పులుపు మాలిక్ యాసిడ్. నిమ్మలో, టమోటాలో ముఖ్యంగా సిట్రిక్. మజ్జిగలో లాక్టిక్. ద్రాక్షలో టార్టారిక్. పళ్ళలో టార్టారిక్ ఆమ్లం దండిగా ఉండేవి చాలా తక్కువ, ఒకటి ద్రాక్ష, ఇంకోటి మన చింతకాయ. అంటే ఐదు వేల మైళ్ళ అవతల నుంచి బావ మోసుకొచ్చిన సీసాలో పులుపుకీ, మా అమ్మ మూడు పూటలా నానబెట్టే చింతపండు పులుపుకీ మూలం ఒకటే. నా దవడ గుర్తుపట్టడంలో వింతేమీ లేదు, పుట్టినప్పటి నుంచీ దానికి అదే ట్రైనింగ్. ఇంకో సంగతి. చాలా వైన్లలో బాక్టీరియా మాలిక్ ఆమ్లాన్ని లాక్టిక్‌గా మారుస్తుంది, అప్పుడు పులుపు మెత్తబడి కాస్త మజ్జిగ గుణం వస్తుంది. ఈ రకం తెల్ల వైన్‌లో చల్లటి స్టీలు ట్యాంకుల్లో పులియబెట్టి, ఆ మార్పు జరగనివ్వకుండా సాధారణంగా ఆపేస్తారు. అందుకే పచ్చికాయ పదును మిగులుతుంది.

మనలో చాలామందికి వైన్ రుచి చెప్పే వీడియోలు చూస్తే నవ్వొస్తుంది. తడిసిన రాయి వాసనట, కోసిన గడ్డి వాసనట. నాకూ నవ్వొచ్చేది. కానీ ఆలోచిస్తే, ఈ పనిలో మనకంటే ముదుర్లు ఎవరున్నారు? ఉగాది రోజు పొద్దున్నే పిల్లాడి చేతిలో పచ్చడి పెట్టి, ఆరు రుచులూ తగిలాయా లేదా చెప్పమంటాం. కవిత్వాన్ని కూడా ద్రాక్షాపాకం, కదళీపాకం, నారికేళపాకం అని నోటితో కొలిచిన భాష మనది. శ్రీనాథుడి పేరు మీద పల్నాడు జొన్నకూడుని వెక్కిరించే చాటువులు ఉన్నాయి, లెక్కప్రకారం ఆయన మన మొదటి ఫుడ్ రివ్యూయర్. (జొన్నరొట్టె తిని పెరిగినవాడిగా ఆ రివ్యూకి నేను ఒక్క స్టారే ఇస్తాను.) వగరు అనే మాటకి ఇంగ్లీషు వాళ్ళు రోజూ వాడే మాటే లేదు. ఇన్ని ఉన్నా, మన హాస్టల్లో ఏది తిన్నా మనం వాడేవి రెండే మాటలు, "సూపర్", "చెత్త". నా బాధ అది.

మూడో గ్లాసు అమ్మ కోసం కాదు, అయినా తెచ్చాం. ఎనిమిది గంటలప్పుడు ఆమె వడియాల గుడ్డ తీయడానికి మిద్దె ఎక్కింది. బావ గ్లాసు ముందుకి జరిపి, "తాగొద్దులే అత్తా, వాసన సూడు" అన్నాడు. కోప్పడుతుందనుకున్నా. గ్లాసు తీసుకొని, ముక్కు దగ్గర పెట్టి, ఒక్క క్షణంలో, "సోంపు" అంది.

నాకు పేరు దొరకని వాసన అదే. సోంపు గింజ. తర్వాత చదివితే, ఈ ద్రాక్ష గురించి రాసిన ప్రతి పుస్తకంలోనూ సోంపు, గడ్డి, చివర్లో చిరుచేదు అనే ఉంది. ఒక్క చుక్క తాగకుండా ఆమె పట్టేసింది. ఇందులో ఆశ్చర్యపోవాల్సింది కూడా లేదు. చారు వాసన చూసి అందులో కొత్త చింతపండు వేశారా పాతదా చెప్తుంది. నూనె వాసన చూసి బుడ్డలు ఎక్కువ వేగినాయని గానుగతనికి చెప్తుంది. టమోటా అయితే కోసి ఉప్పు వేసుకొని తిని, ఇది మన బోరు కింద కాయా, కాలవ కింద కాయా చెప్పగలదు. ఆమెకి ఎవరూ సర్టిఫికెట్ ఇవ్వలేదు, అంతే తేడా.

ఏం తింటూ తాగాలో అన్న పరీక్ష కూడా చేశాం, ఇందులో నా ఫెయిల్యూర్లు ఎక్కువ. మిరపకాయ బజ్జితో ఘోరం. కారాన్ని పసిగట్టే గ్రాహకమే వేడినీ పసిగడుతుంది, ఆల్కహాల్ దాన్ని ఇంకా రెచ్చగొడుతుంది. నోరు అంటుకుంది, వైన్ రుచి పోయింది, బజ్జీ రుచీ పోయింది. ఉగ్గాని ఒక్కటే తింటే పర్లేదు. ఊరగాయ పక్కన పెడితే వైన్ నీళ్ళయిపోయింది. వేయించిన బుడ్డలతో బాగుంది. అన్నింటికంటే బాగా కుదిరింది మా తోట టమోటా, ముక్కలు కోసి, ఉప్పు, కొంచెం జీలకర్ర పొడి. పులుపున్న తిండికి పులుపున్న వైనే నిలబడుతుంది, లేకపోతే వైన్ చప్పగా అయిపోతుంది. ఇది నిలబడింది.

మరి వెల కట్టమంటే? పదికి ఆరున్నర. పొగడ్త అక్కడికే. నోట్లో పెట్టగానే ఉన్న హుషారు నాలుగు సెకన్లలో అయిపోతుంది, మధ్యలో పల్చన, చివర పొట్టి. గ్లాసు వేడెక్కిన కొద్దీ ఏదో పండ్ల చాక్లెట్ లాంటి వాసన పైకొచ్చింది. ఎంపిక చేసిన ఈస్టుతో అలాంటి వాసనలు తెప్పిస్తారట. చవక సీసాల్లో అది ఎక్కువ. పది నిమిషాల్లో మా ఎండకి అది గోరువెచ్చనైపోయి, మిగతాది ఎవరికీ తాగబుద్ధి కాలేదు. ఐదొందలకి ఇది న్యాయమైన సరుకు. బెంగళూరు రేటుకైతే కొనొద్దు, ఆ డబ్బుకి పుస్తకాలు కొనుక్కోండి.

సీసా అడుగున నాలుగైదు గాజు రవ్వల్లాంటివి కనిపించాయి. బావ భయపడ్డాడు, సీసా పగిలిందేమోనని. కాదు, పొటాషియం బైటార్టరేట్. చలికి ఆ టార్టారిక్ ఉప్పు స్ఫటికాలై దిగుతుంది, హాని లేదు. వీటికి వైన్ వజ్రాలు అని ముద్దుపేరు. తుగ్గలి, జొన్నగిరి పొలాల్లో తొలకరి పడగానే జనం పిల్లాజెల్లాతో టెంట్లు వేసుకొని వజ్రాలు వెతుకుతారు. మాకు ఇంటి మిద్దె మీదే దొరికాయి. అమ్మకి చూపిస్తే, "వీటికి ఎంతిస్తారంట?" అంది.

ఇక నేను ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం. సీసా వెనక లేబుల్. ద్రాక్ష పేరు వెర్దెహో. ప్రాంతం రుయేదా, స్పెయిన్‌లో వల్లడోలిడ్ అనే ఊరి దగ్గర, దువేరో నది పక్కన ఎత్తయిన పీఠభూమి. ఒక చిన్న కాగితం ముక్క మీద సీరియల్ నంబరు, ఆ ప్రాంతపు నియంత్రణ మండలి ముద్ర. ద్రాక్ష పేరు వేయాలంటే కనీసం నూటికి 85 పాళ్ళు ఆ ద్రాక్షే ఉండాలి. నేను ఆ రాత్రి ఫోన్లో ఆ నేల ఫొటోలు చూశాను. గులకరాళ్ళు, కంకర, అక్కడక్కడ ఎండిపోయిన గడ్డి. దేవనకొండ రోడ్డులో బస్సు ఆగితే కిటికీలో కనిపించేది ఇదే కదా అనిపించింది. సంవత్సరానికి వాన 400 మిల్లీమీటర్లు, అటూ ఇటూ. మన పాత కర్నూలు జిల్లా సగటు 670. అంటే కరువు సీమ అని మనం తల వంచుకొని చెప్పుకునే చోట వాళ్ళకంటే ఎక్కువే పడుతుంది. నిజమే, మనకి ఎండ ఎక్కువ, పడినది నిలవదు, పడాల్సినప్పుడు పడదు. వాళ్ళకి ఎండాకాలంలోనూ రాత్రిళ్ళు చల్లబడతాయి, ద్రాక్షలో పులుపు నిలవడానికి అదే కారణం. కోత కూడా వాళ్ళు ఎక్కువగా రాత్రిపూటే కోస్తారు, కాయ వేడెక్కి చెడకుండా. పోలిక పూర్తిగా సరిపోదు. అయినా ఆ కంకర ఫొటో నన్ను వదల్లేదు.

వాళ్ళు కూడా మొదటి నుంచీ గొప్పోళ్ళేం కాదు. యాభై ఏళ్ళ కిందట ఆ వెర్దెహో తీగల్ని పట్టించుకునేవాళ్ళు తగ్గిపోయారు. ఎక్కువ కాసే వేరే రకం వేసుకొని, పేరులేని ఘాటు సరుకు తీసేవాళ్ళు. 1972లో రియోహా నుంచి మార్కెస్ దె రిస్కాల్ అనే పేరున్న కంపెనీ తెల్ల వైన్ కోసం చోటు వెతుక్కుంటూ వచ్చి, ఈ ద్రాక్ష బాగుందని ఇక్కడే పెట్టింది. 1980లో ఆ ప్రాంతానికి చట్టబద్ధమైన పేరు వచ్చింది. ఎవరో వచ్చి రుచి చూసి, ఇది ఇదీ అని చెప్పిన తర్వాతే వాళ్ళ కంకరకి విలువ తెలిసింది.

మన నేలని ఎవరూ అంచనా కట్టలేదా? కట్టారు. థామస్ మన్రో 1800 నుంచి 1807 దాకా దత్తమండలాల కలెక్టరుగా ఉండి, చేను చేనూ కొలిపించాడు. ఏ నేల ఎంత పండుతుంది, ఎంత శిస్తు కట్టగలదు అని. ఆయన గవర్నరయ్యాక, 1827 జులై 6న, వీడ్కోలు పర్యటనలో కలరా వచ్చి చనిపోయింది కూడా మా పత్తికొండలోనే. రెండు శతాబ్దాలుగా మా నేలని శిస్తు కోసం కొలిచారు, అప్పు కోసం కొలిచారు, పంట నష్టం కోసం కొలిచారు. ఏం రుచి పండుతుంది అని మాత్రం ఎవరూ నోట్లో పెట్టుకొని చూడలేదు.

పత్తికొండ టమోటా మార్కెట్ గురించి మీకు తెలిసే ఉంటుంది, పేపర్లో ఫొటోలు చూసుంటారు. కిలో రూపాయి అయినప్పుడు రోడ్డు మీద పారబోసిన ఎర్రటి కుప్పలు, వాటిలో మూతిపెట్టిన ఆవులు. ఆ ఫొటో ఏడాదికోసారి వస్తుంది, పండగలాగా. మా నాయన మూడెకరాల్లో వేస్తాడు. ఒక ఏడాది కోత కూలీ, ఆటో బాడుగ చేతి నుంచి పెట్టి అమ్మి వచ్చాడు. మర్సటి కోతకి అసలు తీయనేలేదు, గొర్రెల్ని తోలుకోమని చెప్పాడు. గొర్రెలు రెండు రోజులు తిన్నాయి. నాయన ఆ రెండు రోజులూ చేనుకి పోలేదు.

జ్యూస్ ఫ్యాక్టరీ కావాలని మా వాళ్ళు ఏళ్ళ తరబడి అడుగుతూనే ఉన్నారు, ప్రతి ఎన్నికకీ ఆ మాట వినబడుతుంది. కావాలి, నేను కాదనట్లేదు. హాస్టల్లో నా రూమ్మేట్ (సివిల్) ఇది చదివి, "నీ టమోటాకి కావాల్సింది కవిత్వం కాదు, కోల్డ్ స్టోరేజీ" అన్నాడు. వాడి మాటా నిజమే. రుయేదాలో ఉన్నది మంచి మాటలే కాదు, చల్లటి ట్యాంకులు, రోడ్లు, చట్టం, సహకార సంఘాలు. పైగా సీసాలో పోస్తే వైన్ రెండేళ్ళు ఆగుతుంది, టమోటా నాలుగు రోజులు ఆగదు. భౌగోళిక గుర్తింపు ఉన్నంత మాత్రాన అయిపోతుందా అంటే, బనగానపల్లె మామిడికి 2017లోనే వచ్చింది. కానీ బండి మీద అమ్మే ఆయన్ని ఇది ఏ ఊరి కాయ అని మనలో ఎంతమందిమి అడిగాం?

నేను చెప్పేది అక్కడే. నీళ్ళు తక్కువ పెట్టిన టమోటాలో తీపీ పులుపూ చిక్కబడతాయి. ఇది మా నాయన నమ్మకం కాదు, ఉద్యానశాస్త్రంలో ఉన్నదే. ద్రాక్షకి కూడా ఇదే సూత్రం, అందుకే వాళ్ళు కంకర నేల గురించి గర్వంగా లేబుల్ మీద వేసుకుంటారు. మా బోరు కింద, తడి చాలక చిన్నగా కాసిన కాయని మండీలో ఏమంటారో తెలుసా? "సైజు లేదు." అంతే, రేటు సగం. ఆ కాయని కోసి తిన్న మనిషి ఆ గొలుసులో ఒక్కడూ లేడు. కంటితో చూసి, చేత్తో తూచి, గంప లెక్కన అమ్మేస్తారు. అందుకని మా నాయన కూడా వచ్చే ఏడాది సైజు వచ్చే విత్తనం, తోలు మందంగా ఉండే విత్తనమే వేస్తాడు. రుచి ఉన్న రకాలు చేలల్లోంచి అట్లా పోతాయి. యాభై ఏళ్ళ కిందట వెర్దెహో పోబోయింది కూడా ఇట్లానే.

ఇది చదివి మీరు వైన్ తాగక్కర్లేదు. నేను కూడా మళ్ళీ ఎప్పుడు తాగుతానో తెలీదు. మీ ఇంటికి వెళ్ళినప్పుడు మీ అమ్మ చేతికి రెండు ఊర్ల టమోటాలు ఇచ్చి తేడా అడగండి. ఏ మాట వాడుతుందో రాసుకోండి. "కండ ఉంది", "నీరుకాయ", "పులుపు నిలబడ్లేదు" అని మా అమ్మ వాడే మాటలు నేను ఒక నోట్‌బుక్‌లో రాయడం మొదలుపెట్టాను, ఇప్పటికి పద్దెనిమిది అయ్యాయి. వచ్చే సంచికకి మీవి పంపితే కలిపి వేద్దామని ఎడిటర్ గారిని అడిగాను. బుడ్డలకి, నన్నారికి, ఈత కల్లుకి, జొన్నరొట్టెకి కూడా మాటలుంటాయి. నన్నారి సోడాని తాగి చివర్లో వచ్చే ఆ వేరు వాసన మట్టి వాసనో, చెక్క వాసనో ఇప్పటికీ మా బావకీ నాకూ తేలలేదు.

ఆ రాత్రి సీసాలో పావు మిగిలింది. అమ్మ దాన్ని మిద్దె మీద నుంచి తీసుకొచ్చి జాలట్లో పారబోసింది, మేం ఏమీ అనలేదు. పారబోసేముందు ఇంకోసారి వాసన చూడటం మాత్రం నేను చూశాను. సీసా మంచిది, పచ్చ గాజు, బరువుగా ఉంది. బుడ్డల నూనె పోసుకోవచ్చు కదమ్మా అన్నాను. "వీధిలో ఎవరన్న సూస్తే మీ నాయన పరువు ఏం గావాల? నువ్వే కాలేజీకి ఎత్తుకపో" అంది. పాత టవల్లో చుట్టి బ్యాగులో పెట్టుకొని కర్నూలు బస్సెక్కాను. ఇప్పుడు అది నా హాస్టల్ కిటికీలో ఉంది, అందులో అమ్మ పంపిన చింతపండు రసం పొడి ఉంది. మూతి సన్నం, స్పూను పట్టట్లేదు.